కళ్లు మూసుకున్నప్పుడు తీసిన వీడియో గురించి

జిల్లా బాలల సంరక్షణ అధికారి గారి సముఖమునకు, పినపాక మండల నివాసి, బొగ్గుబాయి కార్మికుడు జయరాజ్ వ్రాసుకొను అర్జీ.

విషయం: నా కూతురు స్తుతి (వయస్సు 8) దేవునితో చెప్పుకున్న మాటను వీడియో తీసి లోకమంతటికీ చూపినందున, సదరు వీడియోను తొలగింపజేయుట గురించి.

అయ్యా,

1. మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన జరుగును. అందరూ కళ్లు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించుట ఆనవాయితీ. గత మార్చి నెలలో ఒకనాడు నా భార్య అక్సా కళ్లు మూయలేదు. ఫోను పట్టుకుని ఉన్నది. తీసిన వీడియోను స్తుతి పాటలు పెట్టే యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టినది. ఈ సంగతి నాకు వారం తర్వాత బాయి దగ్గర తెలిసినది.

2. సదరు వీడియోలో నా బిడ్డ అన్న మాటలు యథాతథంగా: "దేవా, మా నాన్నకు బాయిల దిగాలంటే భయమైతుంది. ఏడుస్తుంటే నేను చూసిన. ఎవ్వలికి చెప్పద్దన్నడు. గందుకే నీకొక్కనికే చెప్తున్న." దీనిని ఆరు లక్షల మంది చూసినారు.

3. షిఫ్టులో తోటివారు "ఏం జయరాజన్నా, ఇయ్యాల దిగుతవా, పాపతోని ప్రార్థన చేపియ్యాల్నా?" అని అడుగుచున్నారు. నవ్వితే నవ్వనీ. నా భార్యను నిలదీయగా, "మంచిగనే ఉంది గదా, అందరు నీ కోసం ప్రార్థన చేస్తున్నరు, ఎందుకట్ల మొత్తుకుంటవ్?" అన్నది. అక్సా, పదకొండేళ్లు కాపురం చేసినదానివి, నేను ఏడ్చానని అప్పుడే గదా నీకు తెలిసింది! ఎందుకేడ్చినవని నన్ను ఒక్కమాట అడగబుద్ధి కాలేదా నీకు? పై రెండు వాక్యములు అధికారి గారికి కావు. మన్నించవలెను.

4. సదరు ఛానెల్ నా ఫోను నంబరు మీదనే మొదలైనదని ఒప్పుకొనుచున్నాను. స్తుతి మొదటి పాట తీసినది నేనే. "నవ్వుకుంట పాడు బిడ్డా" అని తొమ్మిదిసార్లు పాడించినదీ నేనే. ఇప్పుడు పాస్‌వర్డ్ అక్సా మార్చినది. అడిగితే చెప్పుట లేదు.

5. అప్పటినుండి స్తుతి ప్రార్థనలో "ఆమెన్" తప్ప ఏమీ అనుట లేదు. నాతో కూడా మాట్లాడుట తగ్గించినది.

కావున ఆ వీడియోను తొలగింపజేసి, ప్రార్థన వేళ ఇంట్లో ఫోను పట్టరాదని నా భార్యకు తమరు నచ్చజెప్పవలెనని వేడుకొనుచున్నాను. నేను చెప్తే వినుట లేదు. తమరైనా కళ్లు తెరిచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జయరాజ్
(వీడియోలో ఎడమ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నవాడు)

తా.క.: నిన్న ప్రార్థనలో ఫోను ఉన్నదేమోనని నేను కళ్లు తెరిచి చూశాను సార్. లేదు. అక్సా కళ్లు మూసుకునే ఉన్నది. స్తుతి మాత్రం కళ్లు తెరుచుకుని నా చేతుల వైపే చూస్తున్నది. "నాన్నా, నువ్వు గూడ తీస్తున్నవా?" అని అడిగింది. రెండు చేతులూ చాచి చూపించాను. అయినా నా జేబు తడిమి చూసింది.