ఇద్దరు గంగారాంలు, ఒక్క కాగితం

షార్జా నుంచి

కోరుట్లలో అక్కకు, బావకు భాగ్య దండాలు పెట్టి రాస్తున్నది. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? బీడీల చాట ముందు కూర్చోవడం తగ్గించావా, తగ్గించానని నాకు చెప్పి కూర్చుంటూనే ఉన్నావా? మరదలు, పసివాడు బాగున్నారా? మేమిద్దరం బాగున్నాం. నిజంగానే బాగున్నాం. మీ మరిది గోదాము పనికి పోతున్నాడు. ఎండ సంగతి మాత్రం అడగకు. కుళాయి తిప్పితే చేయి కాలుతుంది. పొద్దున పట్టిన నీళ్లు చల్లారితే సాయంత్రం మొహం కడుక్కుంటాం. ఇక్కడి చింతపండుకు పులుపు లేదు, మిరప్పొడికి రంగు తప్ప ఏమీ లేదు.

తమ్ముడి సంగతి ఫోనులో సగమే చెప్పాను. అంతా చెబితే నువ్వు ఏడుస్తావని మిగతాది దాచాను.

జీతం ఇవ్వని కంపెనీ వదిలి గంగారాం బయటపడ్డాడని నీకు తెలుసు. అట్లా కాగితాల్లేకుండా తిరిగేవాళ్లను ఇక్కడ ఖల్లివెల్లి అంటారు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసినవాడు ఇక్కడ పోలీసు బండి కనబడితే గోడ చాటుకు పోతున్నాడు. ఇంతలో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. గడువులోగా పాస్‌పోర్టు నకలు చూపితే ఔట్‌పాస్ ఇచ్చి ఇంటికి పంపుతారు. గడువు దాటితే జైలే. అసలు పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండిపోయింది. నీ దగ్గరున్న జిరాక్స్‌లో నంబరు కనబడదని నువ్వే చెప్పావు. ఇక మిగిలింది, నేను లెక్కలు రాసే మెస్సు గదిలో కంప్యూటర్. మన వైపు వాళ్లంతా తమ కాగితాల నకళ్లు అందులోనే దాచుకుంటారు. ఒక గదిలో పెడితే మిగతా గదుల కంప్యూటర్లలో కూడా కనబడేటట్టు మెట్‌పల్లి శ్రీనివాస్ ఒక సాఫ్ట్‌వేర్‌తో దాన్ని అమర్చి, తర్వాత ఖతార్ వెళ్లిపోయాడు.

తెరిచాను. గంగారాం పేరు ఉంది. లోపల మొహం మన గంగారాంది కాదు. అదే మెస్సులో తినే ముస్తాబాద్ గంగారాంది. పిలిచి అడిగాను.

"ఏం జేసినవ్ రా?"

"నేనేం జెయ్యలే అక్కా. నాది పెడుతుంటే, గంగారాం ముందుగాలనే ఉన్నడు, తీసేసి పెట్టాల్నా అని కంప్యూటర్ అడిగింది. నేనే గంగారాం గదా. అవునన్న."

"మరి ముందుగాల ఉన్నోడు ఎవడనుకున్నవ్?"

"నేనే అనుకున్న. ఎప్పుడో పెట్టి మర్సిపోయిన్నేమో అని."

ఏమనాలి వాణ్ని? శ్రీనివాస్‌కు ఫోను చేస్తే, "తీసేసినయి గూడ దాసి పెట్టే ఉపాయం ఉంటది వదినా. నేను పెట్టిన్నో లేదో యాదికి లేదు. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ గక్కడనే ఉన్నది, సూసుకో" అన్నాడు.

ప్యాకేజీ అంటే ఆ సాఫ్ట్‌వేర్ లోపలి రాతంతా ఒక మూటగా కట్టింది. డబ్బు అడగరు, ఎవరైనా విప్పి చూడవచ్చు. విప్పాను. అక్కా, అంత రోత సర్దుడు నేను ఎక్కడా చూడలేదు. 'నన్ను చదువు' అనే కాగితం మొదట ఉంటుంది. చదివితే ఇంకో కాగితం చూడమంటుంది. దాని దగ్గరికి పోతే మళ్లీ మొదటిదే చూడమంటుంది. అన్నిటికంటే పెద్ద అర సోర్స్. పెద్దది కాబట్టి అసలు సంగతి అందులోనే ఉంటుందని దూరాను. అదంతా యంత్రం కోసం రాసిన రాత. నా ఇంటర్ ఇంగ్లీషుకు అక్షరాలు తెలుస్తాయి, ఒక్క వాక్యం తెలియదు. మధ్యలో ఎవడో మనిషి భాషలో రాసుకున్నాడు, ఇది ఎందుకు పనిచేస్తుందో నాకూ తెలియదని. తెలియనివాడు తెలిసినవాణ్ని అడగాలి కదా. అట్లాగే వదిలిపెట్టి ఊరికి పోయినట్టున్నాడు. ఇంకో అర నిండా, ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ లేని పాత యంత్రాలకు పనికొచ్చే సామాను. పగిలిన కుండలు అటక మీద పెట్టుకున్నట్టు.

మీ మరిది వెనక నిలబడి నవ్వుతున్నాడు. "నీ పోపుల డబ్బల నాకేమన్న దొరుకుతదా? గిది గూడ గంతే. సర్దినోనికే ఎరుక."

నా పోపుల డబ్బాలో ఆవాలు ఆవాల గిన్నెలోనే ఉంటాయని చెప్పి పంపించాను.

చివరికి దారి దొరికింది. యంత్రం కోసం రాసినదంతా వదిలెయ్యాలి. మనుషుల కోసం రాసింది డాక్స్ అనే అరలో ఉంది. అదే పుస్తకం మూడు రూపాల్లో పెట్టి, ఏది చదవాలో చెప్పకపోవడం ఇంకో దరిద్రం. ఒకటి పట్టుకుని మొదటి నుంచి చదివాను. తీసేసిన ఫైళ్లను పారెయ్యకుండా కనబడని ఫోల్డర్‌లో వేసే ఏర్పాటు ఉందని అందులో రాసి ఉంది. అది పెట్టాలంటే రాయాల్సిన వరుస ఎట్లా ఉంటుందో ఎగ్జాంపుల్స్ అనే అరలో చూపించారు. మెస్సు కంప్యూటర్‌ను అమర్చేటప్పుడు శ్రీనివాస్ రాసిన కాగితం తెరిచి, ఆ నమూనా పక్కన పెట్టుకుని ఒక్కొక్క వరుసా పోల్చాను. ఆ వరుస ఉంది. పెట్టింది తనే, మర్చిపోయిందీ తనే.

ఆ ఫోల్డర్‌లో తమ్ముడు ఉన్నాడు. గడ్డం లేకుండా, నిండు చెంపలతో, ఇక్కడికి రాకముందటి మొహం. నంబరు శుభ్రంగా కనబడుతోంది. నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. మనిషి నా పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే, వాడు ఉన్నాడని చెప్పడానికి ఇంత చెత్త తవ్వాలా?

పేరు కలిసి అట్లా అందులో పడింది తమ్ముడు ఒక్కడే కాదు. కథలాపూర్ రాజన్న ఉన్నాడు, జగిత్యాల గంగాధర్ ఉన్నాడు. తమ కాగితాలు భద్రంగా ఉన్నాయని నమ్మి వాళ్లు పనులకు పోతున్నారు. ఇప్పుడు అందరి పేర్లకూ ఇంటిపేరు, ఊరు చేర్చి రాస్తున్నాను. ముస్తాబాద్ గంగారాంను మళ్లీ ఆ కంప్యూటర్ ముట్టుకోవద్దన్నాను. "నన్ను అడగనియ్యకు అక్కా, అడిగితే అవునంట" అన్నాడు.

తమ్ముడికి ఔట్‌పాస్ వచ్చింది. ఈ ఉత్తరం నీ చేతికి ఇచ్చినవాడు వాడే. ఏమైందని అడిగితే ఏం కాలేదంటాడు, అందుకే నేను రాశాను. చిక్కిపోయాడని వాడి ముందు అనకు. ముందు పుల్లగా పచ్చిపులుసు చేసి పెట్టు. ఎవరైనా వస్తుంటే నాకు మంచి చింతపండు, పసుపు పంపు.

తమ్ముడు వచ్చేదాకా వాడి కొడుక్కి పేరు పెట్టకుండా ఆపారు కదా, ఇక పెట్టండి. తాత పేరు గంగరాజమే పెట్టాలని మరదలు పట్టుబడుతోందని విన్నాను. తాత మీద నాకూ ప్రేమ ఉంది. కానీ రేపు వీడు కూడా ఏదో ఒక దేశం పోతాడు. గంగ లేని పేరు ఏదైనా పెట్టండి. మేనత్తగా అడుగుతున్నాను.

బావకు, పెద్దమ్మకు నా దండాలు. నా కోసం, మీ మరిది కోసం దీవించు.

నీ చెల్లెలు
భాగ్య