బాప్తిస్మపు తొట్టిలో పగులు

పైపుల మేస్త్రీ గారికి,

సంఘ కార్యదర్శి వ్రాయునది. ప్రభువు నామమున వందనములు.

బాప్తిస్మం కోరుతూ తమరు పంపిన దరఖాస్తు అందినది. పరిశీలించడమైనది. ఈ క్రింది లోపం కారణంగా తిప్పి పంపడమైనది.

నాలుగో ప్రశ్న: "మీరు నిజంగా విశ్వసిస్తున్నారా? అవును / కాదు. వర్తించనిది కొట్టివేయండి." తమరు దేన్నీ కొట్టివేయలేదు. పైగా రెంటికీ మధ్య పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టారు. అయ్యా, ప్రశ్న అడిగేది మేము. జవాబు చెప్పాల్సింది తమరు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన వాణ్ణి. అడ్రసు సగం రాసిన పార్సిల్ ఏనాడూ నా బల్ల దాటి పోలేదు. ఇది పార్సిల్ కన్నా ముఖ్యమైన సంగతి. ఆ రెండు మాటల్లో ఒకటి కొట్టేసి వారం లోగా పంపగలరు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: దరఖాస్తును తిప్పి పంపడమైనదని పైన రాశాను గాని, పంపలేకపోయాను. దాని వెనకాల తమరి పైపుల జిగురు అంటి ఉండటం వల్ల అది నా బల్ల అద్దానికి అతుక్కుపోయింది. కొత్త ఫారం జతచేశాను. చేతులు కడుక్కుని నింపగలరు.

*

కార్యదర్శి గారికి,

పైపుల మేస్త్రీ నమస్కారాలు. వందనాలు అని రాయాలంటోంది మా ఆవిడ. రెండూ తీసుకోండి.

ఎందుకు కొట్టెయ్యలేదో చెబుతాను. పొద్దున లేవగానే "అవును" అనే అనిపిస్తుంది సార్. పదకొండింటికి ఎవరింట్లోనో గోడ పగలగొట్టాక, పైపు ఆ గోడలో కాదు పక్క గోడలో ఉందని తెలిస్తే "కాదు" అనిపిస్తుంది. ఫారంలో "నిజంగా" అన్న మాట లేకపోతే కళ్లు మూసుకుని అవునని రాసేసేవాణ్ణి. అక్కడే చెయ్యి ఆగిపోయింది. మా పనిలో ఏ అతుకైనా నీళ్లు వదిలేదాకా బాగానే ఉంటుంది. నా మీద ఇంకా ఎవరూ నీళ్లు వదల్లేదు. వదిలాక చూసి చెబుతాననడానికి మీ ఫారంలో గడి లేదు.

మా ఆవిడ మీ సంఘంలో మనిషే. ఆరేళ్లు ఆమెను గేటు దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా బండి మీదే కూర్చునేవాణ్ణి. ఒక ఆదివారం వాన పట్టుకుంటే లోపలికొచ్చాను. వాన ఆగింది గాని నాకే లేవబుద్ధి కాలేదు. ఇంతకన్నా వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

ఇట్లు,
మేస్త్రీ

తా.క.: మొన్న ఆదివారం బాప్తిస్మపు తొట్టి చూశాను. నీలం టైల్స్, బాగుంది. దాని పక్కనే మీరు తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డారు. ఒక మాట చెబితే ఏమీ అనుకోకండి. పైకి మెరుస్తోంది గాని, లోపల అడుగున పగులుంది. చాలా కాలంగా బొట్టు బొట్టుగా కారిపోతూ ఉండాలి. ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు అందరి ముందూ బయటపడుతుంది.

*

మేస్త్రీ గారికి,

వందనములు. తమరి ఉత్తరం అందినది. మూడుసార్లు చదవడమైనది.

నాలుగో ప్రశ్నకు తమరిచ్చినది జవాబు కాదు, కథ. సందేహమున్నచోట ఋజువు అడిగే అధికారం నియమావళి నాకిచ్చింది. కాబట్టి తమరి వల్ల బాధపడిన వ్యక్తి ఎవరైనా ఉంటే, తమరిలో మార్పు వచ్చిందని ఆ వ్యక్తి చేతనే రాయించి పంపగలరు. అలాంటి వారు ఎవరూ లేకపోతే "ఎవరూ లేరు" అని రాసి సంతకం చేస్తే చాలు. అందరూ అలాగే చేస్తుంటారు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: పగులు సంగతి తమరికెవరు చెప్పారు? మా చెల్లెలా? నాలుగేళ్లుగా ఎవరి కంటా పడకుండా కాపాడుకొస్తున్నాను. పైకి మెరుస్తూ ఉండటం తమరనుకున్నంత తేలిక కాదు. ఆ తెల్ల చొక్కా నేనే ఉతుక్కుని నేనే ఇస్త్రీ చేసుకుంటాను. పాస్టరు గారికి మాత్రం చెప్పకండి.

*

కార్యదర్శి గారికి,

నమస్కారాలూ, వందనాలూ.

"ఎవరూ లేరు" అని రాద్దామనే కూర్చున్నాను. మా ఆవిడ పక్కనుంచి తొంగి చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. అరిచినా బాగుండేది.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఒకప్పుడు నాతో కలిసి పనిచేసేవాడు. ఆరేళ్ల కిందట ఒక పెద్ద కట్టడంలో పన్నెండు ఇత్తడి వాల్వులు కనబడకుండా పోయాయి. వీడే తీశాడని బిల్డరుతో చెప్పాను. వాణ్ణి పనిలోంచి పంపేశారు. నెల తరవాత నా షెడ్డులోనే, సిమెంటు సంచుల వెనక ఆ వాల్వులు దొరికాయి. నేనే పెట్టి మర్చిపోయాను. ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు చెప్పనిది రెండో రోజు చెప్పడం కష్టం సార్. ఆరేళ్ల తరవాత సంగతి మీరే ఊహించుకోండి.

నిన్న వాడింటికి వెళ్లాను. తలుపు సగమే తీశాడు.

"ఏం బావా, ఇంట్లో ఇంకేమైనా పోయాయా?" అన్నాడు.

"పోలేదురా. దొరికాయి. అప్పుడే దొరికాయి," అన్నాను.

గడప మీదే నిలబడి నా మొహంలోకి చూశాడు. తరవాత, "అక్కకు తెలుసా?" అని అడిగాడు.

"పొద్దున్నే చెప్పాను. నన్ను ఒక్కణ్ణే వెళ్లమంది."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"కార్యదర్శి గారు ఋజువు అడిగారు," అన్నాను. తప్పు జవాబని నోట్లోంచి రాగానే తెలిసింది సార్. కానీ అబద్ధం ఆడటానికి వెళ్లలేదు కదా. వాడు లోపలికెళ్లి కాగితం రాసి తెచ్చి నా చేతిలో పెట్టి తలుపు వేసేశాడు. జతచేస్తున్నాను. "ఇతను అబద్ధాలకోరు. ఆరేళ్లుగా అబద్ధాలకోరు. ఇది నిజమని ఇతనే ఒప్పుకున్నాడు." కింద సంతకం, తేదీ. మీకు కావలసినట్టే.

ఇట్లు,
మేస్త్రీ

తా.క.: పగులు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు సార్, చూసే కంటికి తెలిసిపోతుంది. మీ చెల్లెమ్మ గారెవరో నేనెరగను. నాలుగేళ్లుగా తెలిసి ఊరుకున్నారంటేనే ఆశ్చర్యంగా ఉంది. కంగారు పడకండి, బాగయ్యేదే. ముందు పూర్తిగా ఖాళీ చెయ్యాలి. బాగా ఆరనివ్వాలి. తరవాత పగులును ఉలితో ఇంకాస్త పెద్దది చెయ్యాలి. చూసేవాళ్లకు భయమేస్తుంది గాని, అలా తెరవకుండా పైపైన పూస్తే ఏదీ నిలవదు.

*

మేస్త్రీ గారికి,

వందనములు.

తమరి బావమరిది గారి కాగితం అందినది. నియమావళి ప్రకారం అది ఋజువు కాదు, ఫిర్యాదు. ఫిర్యాదులకు వేరే ఫైలుంది. అందులో పెడదామని లేచి, మళ్లీ కూర్చున్నాను. ఈ బల్ల దగ్గరకు ఎన్నో ఋజువులు వచ్చాయి. చాలావరకు సొంత చేతిరాతతో సొంత గొప్పలే. తనను అబద్ధాలకోరు అన్న కాగితాన్ని తానే స్టాంపు అంటించి పంపిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. వచ్చే ఆదివారం బాప్తిస్మానికి తమరి పేరు రాసుకున్నాను.

ఇక పగులు విషయం. తమరు అంత స్పష్టంగా చూసేశారు కాబట్టి దాచను. నా భార్య పోయి నాలుగేళ్లయింది. ఆమె ఆసుపత్రిలో ఉన్న పదిహేడు రోజులూ మోకాళ్ల మీదే ఉన్నాను. పద్దెనిమిదో రోజు నుంచి పెదవులు కదుపుతున్నాను, అంతే. ఆదివారం అందరితోపాటు లేస్తాను, అందరితోపాటు కూర్చుంటాను. ఇంటికొచ్చి చొక్కా తగిలించేటప్పటికి లోపల చుక్క కూడా మిగలదు. మళ్లీ వచ్చే ఆదివారం పైపైన నింపుకుంటాను. అందరినీ "నిజంగా విశ్వసిస్తున్నారా" అని అడిగే ఉద్యోగం నాది. నన్ను అడిగేవారు లేరు.

ఖాళీ చెయ్యాలన్నారు. చేస్తాను. తెరవాలన్నారు. దానికీ సిద్ధం. ఆరడానికి ఎన్నాళ్లు పడుతుందో మాత్రం తమరు రాయలేదు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: ఉలి అన్నారు. అది తమరేనా, పాస్టరు గారా?

*

కార్యదర్శి గారికి,

సార్, మీ ఉత్తరం చదివి మా ఆవిడా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. చెంపలేసుకుని చెబుతున్నాను. నేను రాసిందంతా తొట్టి గురించండీ! నీళ్ల తొట్టి! నీలం టైల్స్ తొట్టి! మీలో పగులుందని అనడానికి నేనెవర్ని?

అమ్మగారు పోయిన సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఆ మాటలే రాసేవాణ్ణి కాదు. మా ఆవిడ కళ్లొత్తుకుని, ఆదివారం మా ఇంట్లో భోజనం చెయ్యమని మీకు రాయమంది. ఉత్తరం చించేసి మాటలు వెనక్కి తీసుకుందామా అనుకున్నాను గాని, ఒక్కటి అడుగుతాను. నాలుగేళ్లుగా చుక్క నిలవకపోయినా మీరు ప్రతి ఆదివారం మళ్లీ ఎందుకొచ్చారు సార్? నమ్మకం లేని మనిషి కారే తొట్టిని నింపుతూ కూర్చోడు. కుళాయి కట్టేసి ఇంటికి పోతాడు.

నా సంగతి. నిన్న ఆ బిల్డరు దగ్గరికెళ్లి వాల్వుల నిజం చెప్పాను. చెబితే నాకు దక్కాల్సిన కొత్త కట్టడం పని పోతుందని తెలుసు. పోయింది. ఉత్త చేతులతో మెట్లు దిగాను. విచిత్రం ఏమిటంటే, అప్పుడు కూడా నేనొక్కణ్ణే దిగుతున్నట్టు అనిపించలేదు. నీళ్లు వదిలినట్టే ఉంది సార్. పొద్దున అవును, పదకొండింటికి కాదు అనేది ఇంకా ఉంది. కానీ "కాదు" అనిపించిన గంటలో కూడా, అవునైతే ఏం చేస్తానో అదే చేశాను. దీనికి గడి ఎక్కడుందో మీరే చెప్పాలి.

ఇట్లు,
మేస్త్రీ

తా.క.: శనివారం వచ్చి తొట్టి పగులు పూడుస్తాను. మా బావమరిది అక్కతో ఫోనులో మాట్లాడాడట, ఆరేళ్లకు మొదటిసారి. ఆదివారం వస్తానన్నాడట. సంతోషించకండి. నన్ను నీళ్లలో ముంచుతుంటే దగ్గరుండి చూడాలని వాడి కోరిక.

*

మేస్త్రీ గారికి,

వందనములు. సోమవారం పొద్దున్న రాస్తున్నాను. నిన్న తమరింట్లో భోజనం దగ్గర చెప్పాలనుకున్నవి తమరి శ్రీమతి గారు వడ్డిస్తూనే ఉండటం వల్ల చెప్పడం కుదరలేదు.

తొట్టి గురించని తమరు రాసిన ఉత్తరం నాకు శనివారం అందింది. ఒక్క రోజు ఆలస్యమైంది. శుక్రవారం సాయంత్రమే నేను సంఘ కమిటీ ముందు లేచి నిలబడి, "నాలో పగులుంది, నాలుగేళ్లుగా నా ప్రార్థన ఉత్త పెదవుల కదలిక, ఒక మేస్త్రీ గారు కనిపెట్టేశారు, రాజీనామా తీసుకోండి" అని చెప్పేశాను.

తరవాత పాటలు పాడించే అమ్మగారు, "మేస్త్రీ గారు నా గురించి కూడా ఏమైనా అన్నారా?" అని అడిగింది. ఆమె తన సంగతి చెప్పింది. ఆమె తరవాత ఇంకొకరు. పోయినేడు మూడు నెలలపాటు ప్రసంగంలో తన గొంతు తనకే పరాయిగా వినబడిందని పాస్టరు గారు చెప్పారు. అందరిలోకీ పెద్దావిడ చివరికి, "నేను అరవై ఏళ్లుగా నమ్ముతున్నాను, రోజూ పొద్దున్నే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాను, మీకందరికీ ఒక్కసారే కుదిరిపోయిందేమో అనుకుని సిగ్గుపడి చెప్పలేదు" అంది. అరగంటలో ముగిసే మీటింగు మూడు గంటలు సాగింది. రాజీనామా సంగతి అందరూ మరచిపోయారు. నేనూ గుర్తు చేయలేదు.

ఇంటికెళ్లి నాలుగేళ్లలో మొదటిసారి దేవుడితో పోట్లాడాను. పదిహేడు రోజులూ లెక్కబెట్టి మరీ అడిగాను. జవాబు రాలేదు. కానీ మధ్యలో ఒక సంగతి తట్టి ఆగిపోయాను. ఎదురుగా ఎవరూ లేకపోతే నేనింతసేపు ఎవరిమీద అరుస్తున్నాను? ఆ తరవాత ఏడ్చాను. చాలా రోజులకు హాయిగా నిద్రపట్టింది.

తొట్టి గురించి తమరు సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పనిలేదు. అది దేని గురించి రాసినా, చేరాల్సిన అడ్రసుకే చేరింది. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను.

ఇట్లు,
తమరి సహోదరుడు,
కార్యదర్శి

తా.క.: నిన్న బాప్తిస్మం అయ్యాక తమరు తడి బట్టలు మార్చుకుంటుండగా తమరి బావమరిది గారు కార్యాలయానికి వచ్చారు. ఫిర్యాదేమోనని ఫైలు తీశాను. ఆయన నన్ను తొట్టి దగ్గరకు తీసుకెళ్లి వంగి చూపించారు. తమరు శనివారం వేసిన అతుకు పక్కనుంచి ఇంకా సన్నగా కారుతోంది. "ఎప్పుడూ తొందరే మనిషికి. ఇది నిలవదండీ. బుధవారం నేనొచ్చి చేస్తాను," అన్నారు. చాలా సంతోషమన్నాను. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే ఇంకో మాటన్నారు. అన్నది అన్నట్టు రాస్తున్నాను: "బావను కూడా రమ్మనండి. ఇద్దరు పట్టుకుంటే గాని అయ్యే పని కాదది."