జేబు పెద్దదిగా కుట్టమంది

జారోత్, వెనింగ్‌ల తల్లి, నా బునెకి,

అస్సలాము అలైకుం. పైవాడి దయవల్ల ఇక్కడ పిల్లలూ, మీ అమ్మా, నేనూ బాగున్నాం. నువ్వు కూడా ఆ ఎండల దేశంలో ఒంట్లో నలత లేకుండా, వేళకింత తింటూ ఉన్నావని అనుకుంటున్నాను. "బాగున్నాం" అన్న మాట రాయడానికి ఈసారి చాలాసేపు పట్టింది. అది లేకపోతే మిగతాది చదవకుండానే కంగారుపడతావు కాబట్టి రాశాను. చివరిదాకా చదివాక నన్నేమనుకున్నా సరే.

నీ ఉత్తరం ఎప్పటిలాగే జారోత్ గట్టిగా చదివాడు. మేమంతా చుట్టూ కూర్చుని విన్నాం. బడి సెలవులకి కూడా రాలేవని, నువ్వు పనిచేసే ఇంటి అమ్మగారు పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకుందని, హజ్ నెల దాటాక చూద్దామందని రాసిన చోటికి వచ్చేసరికి వాడు ఆగిపోయాడు. ఇక్కడ అక్షరాలు సరిగ్గా కనబడట్లేదని కాగితం నాకిచ్చి పెరట్లోకి వెళ్లిపోయాడు. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, కనబడకపోవడమేమిటి? మిగతాది నేనే చదివాను. నా చదువూ ఏమంత బాగా సాగలేదనుకో.

సముద్రానికి వెళ్దామని అనుకోవడం, మానుకోవడం మనకిది మూడోసారి. నీ కాంట్రాక్టు అయిపోగానే అన్నాం. తర్వాత రంజాన్ పండక్కి అన్నాం. ఇప్పుడు ఈ సెలవులు. బునె, నాకిక ఆశ లేదు. నువ్వు మాట తప్పుతున్నావని అనడం లేదు. నీ చేతిలో ఏమీ లేదన్న సంగతి నాకు ఇన్నాళ్లకు బుర్రకెక్కింది, అంతే. మిషను ముందు కూర్చుంటే చొక్కాకి చెయ్యి తిరగేసి కుడుతున్నాను. మొన్న ఊరిపెద్ద పంట్లాం అలాగే పాడుచేశాను. ఆయన మంచివాడు కాబట్టి తిట్టి ఊరుకున్నాడు.

నువ్వడిగిన వాటికి జవాబులు రాయాలి కదా. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది, నోరూ అలాగే ఉంది. జారోత్ ఈడు పిల్లలందరికీ సున్తీలు అయిపోయాయి. వీడు మాత్రం అమ్మ వచ్చి పక్కన కూర్చుంటేనే చేయించుకుంటానని మొండికేశాడు. తోటి పిల్లలు వెక్కిరిస్తున్నా దులిపేసుకుంటున్నాడు. వెనింగ్‌కి ముందు పళ్లు ఊడాయి. నువ్వు గుర్తుపట్టడం కష్టమే. సత్రం గదికి సముద్రం వైపు కిటికీ ఉందా అని అడిగావు. మనకు దొరికే గదికి తలుపుంటే అదే గొప్ప. అయినా సముద్రం హోరు గోడలోంచి కూడా వినిపిస్తుందని సత్రం ఆవిడ చెప్పింది.

నీ ఉత్తరం రాకముందు ఈ ఇంట్లో ప్రయాణం తప్ప వేరే మాటే లేదు. నీ తమ్ముడు గియో, తన వ్యాను ఆ రోజుకి ఎవరికీ బాడుగకివ్వనన్నాడు. పరుచుకోవడానికి చాపలు కూడా వాడే ఎక్కడినుంచో తెచ్చి మన వసారాలో పడేశాడు. మీ అమ్మ పనసకాయ కూర, బెల్లంలో ఉడికించిన సోయాగింజల టెంపే, గుడ్లు, అరిటాకుల్లో అన్నం అంటూ మొదలుపెట్టింది. అంత వండితే మనుషులెక్కడ కూర్చుంటారని గియో అడిగితే, నువ్వు వ్యాను పైన కూర్చో అంది. జారోత్ ఇసుకలో కట్టబోయే కోటకి కాగితం మీద బొమ్మ గీసుకున్నాడు. అందులో నీకొక గది కూడా ఉంది. ఏ రోజు బయల్దేరాలో మీ అమ్మే నిర్ణయించింది. మంగళవారమూ క్లివోన్ తిథీ కలిసిన పట్టింపు రోజున ఆ సముద్రం దగ్గరికి సరదాకి వెళ్లడమేమిటని గియోకి చీవాట్లు పెట్టింది.

వెనింగ్ ఎప్పుడూ అటువైపు వెళ్లలేదు కదా, దానికి అన్నీ చెప్పాలని మీ అమ్మ పట్టుదల. ఒక పొద్దున బియ్యంలో రాళ్లు ఏరుతూ రాణిగారి సంగతి ఎత్తింది. దక్షిణ సముద్రం అడుగున ఆవిడకి పెద్ద మేడ ఉందని, ఎంతమంది పనివాళ్లున్నా చాలరని, ఆకుపచ్చ రంగు ఆవిడదని, ఆకుపచ్చ వేసుకుని నీళ్లలో దిగినవాళ్లని తనింట్లో పనికి తీసుకుపోతుందని చెప్పింది. ఒకసారి తీసుకుపోతే మళ్లీ పంపదని కూడా చెప్పింది. మన చిన్నప్పుడు మనమూ విన్నాం, భయపడ్డాం, ఎర్రవో తెల్లవో వేసుకుని వెళ్లి మునిగొచ్చాం. వెనింగ్ మాత్రం చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

"వాళ్లకి పిల్లలుంటేనో?"

"ఉంటే ఉంటారు, ఆవిడకేం?" అంది మీ అమ్మ, చేట ఎగరేస్తూ.

ఆ వారంలోనే నీ పార్సెల్ వచ్చింది. విప్పితే ఆకుపచ్చ గుడ్డ. అందరికీ సరిపోయేంత. సముద్రం దగ్గర ఇంటిల్లిపాదీ ఒకే రంగు వేసుకుని ఫోటో దిగాలని చీటీ పెట్టావు. "ఇది మన ఊరి సంగతులే మరిచిపోయింది" అని మీ అమ్మ ఏడ్చింది. మెత్తగా ఉంది, రంగు నిగనిగలాడుతోంది, చూడగానే కొనేసుంటుంది అని నేను సర్దిచెప్పాను. కానీ ఇక్కడ పాలుతాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి నీకు తట్టలేదంటే, ఎంత దూరం వెళ్లిపోయావో అనిపించింది. తప్పు పడుతున్నాననుకోకు. ఆ ఇంట్లో వంటా, ఇస్త్రీ, ముసలాయన మందులూ చూసుకునేదానికి మన సముద్రం ఎందుకు గుర్తుంటుంది?

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ప్రయాణం లేదని తేలిపోయింది. మర్నాడు వెనింగ్ నా మిషను దగ్గరికొచ్చి, అమ్మ పంపిన గుడ్డతో గౌను కుట్టమంది. జేబు పెద్దదిగా కుట్టమంది. అది ఏడవనందుకే నాకెంతో సంతోషమనిపించింది. ఇంట్లో వేసుకోవడానికేనమ్మా అంటే బుద్ధిగా తలూపింది. పిల్ల పెరుగుతుంది కదా, నాలుగేళ్లు ఆగాలని మెడ దగ్గరా భుజాల దగ్గరా రెట్టింపు కుట్టు వేశాను. జేబు ఎందుకని అడగనే లేదు. చింతగింజలు పోసుకుంటుందనుకున్నాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఈ మధ్య రాసిన చిన్న ఉత్తరంలో దీన్ని దాచాను. నీ చేతిలో ఏమీ లేనప్పుడు నీకు చెప్పి ఏడిపించడమెందుకని దాచాను. కానీ ఒక్కణ్ణే మోయలేకపోతున్నాను బునె.

సత్రం ఆవిడ దగ్గర ఫోను లేదు. గది వద్దని మనిషి వెళ్లి చెప్పాలి. గియోకి అటువైపే కిరాయి దొరికితే వాడితో బయల్దేరాను. వెనింగ్ తనూ వస్తానంది. కనీసం గట్టు మీదనుంచైనా సముద్రం చూస్తుంది పాపం, దానికీ మనకీ అంతే ప్రాప్తం అనుకుని తీసుకెళ్లాను. మెడదాకా బొత్తాలు పెట్టిన స్వెట్టరు వేసుకుని వచ్చి కూర్చుంది. ఆ ఎండలో స్వెట్టరేమిటే, కొండమీద ఊరికి వెళ్తున్నావా అని గియో వేళాకోళం చేశాడు. చలేస్తోందంది. నేను కుట్టిన ఆ ఆకుపచ్చ గౌను అంచు మోకాళ్ల దగ్గర తొంగిచూస్తుంటే కూడా నేను గమనించలేదు. దర్జీ పని చేసేవాణ్ణి, ఊరందరి అంచులూ చూసేవాణ్ణి.

సత్రం వసారాలో నిలబడి ఆవిడతో మాట్లాడుతున్నాను. ఫరవాలేదు, వచ్చే సెలవులకి రండి అంటోంది పాపం. గియో వ్యాను అద్దం తుడుస్తున్నాడు. తిరిగి చూస్తే స్వెట్టరు ఇసుక మీద ఉంది. పిల్ల నీళ్లలోకి నడుస్తోంది. పరిగెత్తడం లేదు, ఆడుకోవడం లేదు. బడికి వెళ్లినట్టు తిన్నగా నడుస్తోంది.

ఆ సముద్రం పిల్లలతో ఆడే సముద్రం కాదని నీకు తెలుసు. నేను అందుకునేలోపు ఒక అల దాన్ని కిందకి లాక్కుపోయింది. చేతికి మెడ దగ్గరి గుడ్డ దొరికింది. కుట్టు నిలిచింది. అంతకుమించి ఏం జరిగిందో నాకు గుర్తులేదు. గియో వచ్చి ఇద్దర్నీ ఈడ్చాడట.

గట్టుకొచ్చాక అది భయపడి ఏడుస్తుందనుకున్నాను. నన్ను పిడికిళ్లతో గుద్దింది. ఇంకొంచెం లోపలికి వెళ్తే రాణిగారి మనుషులు వచ్చేవాళ్లని, నేనే చెడగొట్టానని గుద్దింది. సత్రం ఆవిడ గౌను విప్పి పొడి గుడ్డ చుట్టింది. గౌను పిండుతుంటే జేబు బరువుగా తగిలింది. లోపల మీ అమ్మ గిన్నెలు తోముకునే కొబ్బరి పీచు, ఒక సబ్బు ముక్క ఉన్నాయి. ఇవెందుకమ్మా అని అడిగాను.

"గోడ మీద ఫోటోలో అమ్మ ఆకుపచ్చ బట్టలే వేసుకుంది కదా. అందుకే ఆవిడ తీసుకుపోయింది. ఆవిడకి పనివాళ్లు చాలట్లేదట. నేను కూడా వెళ్లి తోమితే పని తొందరగా అయిపోతుంది. అప్పుడు ఇద్దర్నీ పంపేస్తుంది."

నువ్వు వెళ్లిన రోజు ఏజెంటు ఇచ్చిన ఆకుపచ్చ డ్రెస్సులో తీయించుకున్న ఫోటో. అదొక్కటే దానికి తెలిసిన అమ్మ. గియో అటు తిరిగి నిలబడ్డాడు. అది కాదమ్మా, అమ్మ ఉన్నది ఇసుక దేశంలో, అక్కడ సముద్రమే లేదు అని చెప్పాను. "మరి అమ్మని ఎందుకు పంపడం లేదు?" అంది.

నేనేం చెప్పను బునె? పెద్ద మేడ ఉంది. ఎంత చేసినా తరగని పని ఉంది. తీసుకున్నాక పంపని మనిషి ఉంది. నీకు పిల్లలున్నారా అని అడిగే నాథుడు లేడు. దాని మాటల్లో ఏది అబద్ధమని చెప్పను? దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. సత్రం ఆవిడ టీ తెచ్చి పెట్టి వెళ్లిపోయింది.

రెండు రోజులు జ్వరం కాసి తగ్గింది. దాని గురించి భయం లేదు, ఒంట్లో బాగానే ఉంది. మీ అమ్మ ఆ రోజునుంచి కథలు మానేసింది. తన నోటివల్లే ఇదంతా అని గోడకేసి కూర్చుంటోంది. ఆ గౌనుని సముద్రానికి ఇచ్చేసి పూలు వేసి దణ్ణం పెట్టి వద్దామంటుంది. నేను ఒప్పుకోలేదు. నువ్వు పంపిన గుడ్డ, ఆవిడకెందుకివ్వాలి? ఇప్పటికే ఇచ్చింది చాలు. మిగిలిన గుడ్డని పెట్టె అడుగున పెట్టి తాళం వేశాను. చాపలు గియో పట్టుకుపోయాడు. జారోత్ తన కోట బొమ్మ ఏం చేశాడో నేను అడగలేదు.

రమ్మని రాయడం లేదు. రాలేవని తెలిసి రమ్మంటే నీకది ఇంకో దెబ్బ. ఇక సముద్రం మాట ఈ ఇంట్లో ఎత్తను, నువ్వూ ఎత్తకు. వెనింగ్‌కి మాత్రం విడిగా నాలుగు ముక్కలు రాయి. నువ్వు తినే అన్నం గురించో, అక్కడి పిల్లుల గురించో ఏదో ఒకటి. నీళ్లకింద ఉన్నదానిలా కాకుండా నేలమీద ఉన్నదానిలా రాయి.

అది ఇప్పుడు పొద్దున్నే లేచి, ఎవరూ చెప్పకుండానే గిన్నెలన్నీ బావి దగ్గర వేసుకుని తోముతోంది. దాని బట్టలు అదే ఉతుక్కుంటోంది. తల్లి లేకపోయినా పిల్ల ఎంత పనిమంతురాలైందో అని వీధిలో ఆడవాళ్లు మెచ్చుకుంటున్నారు. ఆ మాటలు వినబడకుండా నేను మిషను గట్టిగా తొక్కుతున్నాను.

ఇది రాస్తుంటే వచ్చి పక్కన నిలబడింది. అమ్మకేమైనా రాయనా అని అడిగాను. చేతులు గౌనుకి తుడుచుకుని చాలాసేపు ఆలోచించింది. అది చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: పెద్ద గిన్నెలు కూడా ఇప్పుడు మసి లేకుండా తోముతోందట, ఆ సంగతి అక్కడి అమ్మగారికి చెప్పమంది.

ఇట్లు,
నీ పిల్లల తండ్రి,
పాక్నె