ముందు సెంటర్ స్పీకరే కొన్నాను

అన్నా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఈరోజు నల్గొండ పోయి టీవీకి సెంటర్ స్పీకర్ కొన్నాను, మాటలు స్పష్టంగా వినిపించేది. షాపులోనే మీ బావతో గొడవ.

"ముందు సబ్ వూఫర్ కొందాం, ఇల్లంత అదరాలె" అంటాడు.

"మాటలు ఇనవడకుంట ఇల్లదిరితే ఏం లాభం? మా అన్న ఎప్పుడూ ముందు సెంటర్ స్పీకరే అనేటోడు" అని అరిచాను. నీ పేరెత్తగానే పర్సు తీసి సెంటర్ స్పీకర్‌కే డబ్బులు కట్టేశాడు. అది చూసి ఇంకా ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి బిగించగానే నా పెళ్లి వీడియో పెట్టాను. అప్పగింతలప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి ఏదో చెప్తున్నావు. ఆ రోజు ఏడుపులో నాకు వినపడలేదు. ఇప్పుడూ నీ పెదాలు కదులుతున్నాయి గానీ, స్పీకర్లోంచి సినిమా పాట వస్తోంది. సౌండ్ ఎంత పెంచినా పాటే. వీడియో తీసినాయన మాటలన్నీ తీసేసి మొదటి నుంచి చివరిదాకా పాటలే ఎక్కించాడు.

ఆయన్ని తిట్టబోయి ఆగాను. "మాటలెవలు ఇంటరన్నా, అంత పాటలే ఎక్కియ్యి" అని ఆయనకు చెప్పింది నువ్వే కదా!

ఇనేటందుకు నేను లేనా?