మరియమ్మ కాయకి బేరం

శనివారం, రాత్రి

ఈ ఉదయం మా వీధి వాళ్లమంతా నెట్ ఇచ్చే సుధాకర్ ఆఫీసు ముందు నిలబడ్డాం. వాడు వీడియో కాల్స్ ఆపేసి, కావాలంటే పెద్ద ప్యాక్ వేయించుకోమన్నాడు. కల్లంలో మిరపకాయ రంగు ఫోన్లో చూపించి బేరమాడుకునే రైతులు, ఇక బస్తాలు మార్కెట్ యార్డుకు తోలి, అక్కడివాళ్లు చెప్పిన ధరకే వదిలేసి రావాలి.

"నెట్‌కి డబ్బు కడుతున్నాం. అందులో ఏం చూడాలో చెప్పడానికి నువ్వెవరివిరా?" అన్నాను. నా దగ్గర చదువుకున్నవాడే.

"మీకెందుకండీ టీచర్ గారూ, ఎండలో ఈ తిప్పలు? ఇంటికెళ్లండి, నేను చూస్తాగా" అన్నాడు.

చూశాడు. మధ్యాహ్నానికల్లా నా ఒక్కదాని ఇంట్లో వీడియో కాల్స్ మళ్లీ పనిచేశాయి. నాకొక్కదానికే ఎందుకిచ్చావని ఫోన్ చేసి తిట్టాను. నవ్వి పెట్టేశాడు.

సాయంత్రం ఎదురింటి మరియమ్మ బుట్టలో కాయలతో వచ్చింది. "మీకు కాల్స్ వత్తన్నాయంటగా అమ్మా. మా కాయ ఒక్కసారి షావుకారుకి చూపిత్తారా?" కాదనలేకపోయాను. ఆమె వెనకే మరికొందరు బుట్టలతో దిగారు.

"సోమవారం అందరం మళ్లీ వాడి ఆఫీసుకి వెళ్లాలి" అని గుర్తుచేశాను.

"ఇంకెందుకులేమ్మా, మీరున్నారుగా!" అంది మరియమ్మ.

పొద్దున అందరం హక్కుగా అడిగినదాన్ని సాయంత్రానికల్లా నా దయగా మార్చేశాడు వాడు. రేపు నేను తలుపు వేసుకుంటే వీళ్లంతా సోమవారం మళ్లీ నాతో వస్తారేమో. కానీ మరియమ్మ కాయకి ఇంకా బేరం కుదరలేదు...