తమలపాకు తీగకి వెచ్చదనం

వరలక్ష్మీ, బాగున్నావా? ఇదేం ప్రశ్నలే... చేయి అలవాటుకొద్దీ రాసేసింది. నువ్వు వెళ్లి పది నెలలు నిండాయి.

కొరాపుట్‌లో చలి ముదిరింది. నా సంగతి సరే, నీ తమలపాకు తీగ చచ్చిపోతోంది. తప్పు నాదే.

చలికాలం రాగానే నువ్వు ఆ కుండీని వెనక గదిలోకి చేర్చి, పైన పాత పసుపు బల్బు వేలాడదీసి, రోజంతా వెలిగించేదానివి. కరెంటు దండగని నేను గొణిగేవాడిని. ఈసారి ఆ బల్బు పీకి పారేసి, మొక్కల కోసమే అమ్మే ఊదారంగు ఎల్‌ఈడీ లైటు బిగించాను. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌ని, నాకు తెలియనిదా! గది పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. వారం తిరగకుండానే ఆకులు నల్లబడి రాలడం మొదలైంది.

"ఎలుగొకటే సాలదండీ, దానికి ఎచ్చగుండాల" అనేదానివి. విన్నానా? ఎల్‌ఈడీ వేడెక్కదని కొత్తగా చేరిన వాళ్లందరికీ పాఠం చెప్పినవాడిని నేనే. నా ఇంట్లో నాకే తట్టలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మళ్లీ పసుపు బల్బు కోసం బజారంతా తిరిగాను. దొరికింది, పెట్టాను. అయినా తీగ తేరుకోలేదు. చివర రెండు కణుపులే పచ్చగా ఉన్నాయి.

శుక్రవారం ఆకుల కోసం వచ్చే ఆడవాళ్లు చూసి, ఖాళీ చేతులతో వెళ్లిపోతున్నారు. ఇల్లాలు పోయిన ఇంట తమలపాకు నిలవదని బయట అనుకుంటున్నారట. ఒళ్లు మండింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది... నిజమేనా?

మీ అమ్మ తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన తీగ అది. నీ పుట్టింటి గుర్తుగా మిగిలింది అదొక్కటే.

రాయగడ అవతల గుడారి ఊళ్లో, మీ చెల్లి వాళ్లింట్లో ఇంత చలి లేదు. పెరట్లో అవిసె చెట్టుంది, తీగ పాకుతుంది. నెల నుంచీ తనకి ఇచ్చేయమని అడుగుతోంది. ఇవ్వనని కసురుకున్నాను. ఇచ్చేస్తే ఈ ఇంట్లో నువ్వు పెంచినదంటూ ఇంకేం ఉంటుంది, చెప్పు?

నిన్న ఇంకో ఆకు రాలింది. అప్పుడు భయం వేసింది.

రేపు పొద్దున్న బస్సుకి బయల్దేరుతున్నాను. కుండీని ఒళ్లో పెట్టుకుని, శాలువా కప్పి, రాయగడ మీదుగా తీసుకెళ్లి మీ చెల్లి చేతిలో పెడతాను. ఇది మాట. తిరుగు బస్సులో ఏడవనని మాత్రం మాట ఇవ్వలేను.

నీ
సూర్రావు