గోడలో ఎలుక

జూన్ 2

కార్పొరేషన్ వాళ్ళు నన్ను మా బిల్డింగ్‌కి కార్బన్ వార్డెన్‌ని చేశారు. సిటీలో ప్రతి బిల్డింగ్‌కీ గ్రేడు ఇస్తారట. ఎవరింట్లో కరెంటు వృథా అవుతోందో కనిపెట్టి చెప్పడం నా పని. ఒక్క ఫ్లాట్ తప్పు చేసినా అందరి గ్రేడూ పోతుంది. పోతే పగటిపూట లిఫ్ట్ ఆపేస్తారు.

మా ఆయన నవ్వారు. ఇన్నాళ్ళూ బ్యాడ్జీ లేకుండా చేస్తున్న పనే కదా అన్నారు. నాకు నవ్వు రాలేదు.

జూన్ 5

మూడో అంతస్తు టీచరుగారు నన్ను చూడగానే కిటికీ మూసేసింది. ఏదో ఉంది.

జూన్ 9, సాయంత్రం

థర్మల్ కెమెరా అతను వచ్చి ఇంటింటా గోడలకి ఫోటోలు తీశాడు. మా పాప ఎక్కాలు చదవడం ఆపి మరీ చూసింది. మా హాల్లో చెక్కగోడ ముందు అతను ఆగిపోయాడు. మా ఆయనకీ వాళ్ళన్నయ్యకీ పడక ఒక ఫ్లాట్‌ని రెండు చేసుకున్నప్పుడు మధ్యలో కొట్టించిన పల్చటి గోడ అది. అవతల బావగారు, అక్క, మామయ్య. అప్పట్నుంచీ రాకపోకల్లేవు.

ఫోటోలో గోడంతా నీలం. కింద ఒక్కచోట ఎర్రటి మరక. అటువైపు వేడిది ఏదో ఆనించి పెట్టారండీ అన్నాడు.

ఇంకెవరు, అక్కే. డొక్కు ఫ్రిజ్ ఏదో దాచి నడిపిస్తోంది. పేరు పోయేది మాత్రం నాది.

జూన్ 10

గోడకి చెవి పెట్టి విన్నాను. ఇటు పాప ఎక్కాలు. అటు ఏమీ లేదు. ఉన్నట్టుండి టక్ మంది. పాపనడిగితే ఎలుకమ్మా అంది, తలెత్తకుండా. ఆ గోడలో ఎలుక పట్టే సందెక్కడిది? పిల్లని కూడా తమవైపు తిప్పేసుకున్నారా?

మా ఆయనకి చెప్తే వదిలెయ్యమన్నారు. ఈయనకీ తెలుసేమో.

జూన్ 14

కార్పొరేషన్ వాళ్ళు ఫోన్ చేశారు. గోడకి రెండువైపులా మందపాటి ఫోమ్ బోర్డులు బిగిస్తే సరిపోతుందట. వేడే కాదు, చప్పుడు కూడా దాటదట. అంతకంటే ఏం కావాలి? వెంటనే సరే అన్నాను.

పాప అన్నం ముట్టలేదు. కడుపునొప్పిట. నమ్మను.

జూన్ 16

బ్యాడ్జీ పెట్టుకుని అక్క తలుపు కొట్టాను. తనిఖీ అన్నాను. చూస్కో తల్లీ అని పక్కకి తప్పుకుంది. ఆ తల్లీలో ఎంత వెటకారమో.

ఫ్రిజ్ లేదు, హీటర్ లేదు. గోడ పక్కన చిన్న పీట. దాని మీద మామయ్య, వీపు గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని. అవతల మా పాప ఏడో ఎక్కం చదువుతోంది. ఒకచోట తప్పింది. ఆయన వేలి కణుపుతో గోడ మీద టక్ మని కొట్టారు. పాప దిద్దుకుంది.

కళ్ళు తెరిచి నన్ను చూశారు. గబుక్కున చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నారు. పాప బడి నుంచి రాగానే రోజూ ఇక్కడే కూర్చుంటారని అక్క చెప్పింది. బోర్డుల గురించి ఒక్క మాటా అనలేదు. అనక్కర్లేదు కూడా.

సిగ్గేసింది. ఏడుపొచ్చింది. తనిఖీ అయిపోయిందని చెప్పి వచ్చేశాను.

జూన్ 20

బోర్డులు బిగించారు. కింద పీట మేర రెండువైపులా వదిలెయ్యమన్నాను. మేస్త్రీ ఎందుకన్నాడు. లోపల పైపుందన్నాను. తట్టి చూసి, లేదే అన్నాడు. ఉందన్నాను.

జూన్ 27

కెమెరా మళ్ళీ వచ్చింది. అదే మరక. బిల్డింగ్ గ్రేడూ పోయింది, నా బ్యాడ్జీ పోయింది. లిఫ్ట్ ఆపేశారు. నా చెయ్యి ఎవరో తడిపారని టీచరుగారు మెట్లెక్కుతూ కనబడ్డవాళ్ళందరికీ చెప్తోందట. నేనైనా అలాగే అనుకునేదాన్ని.

జూన్ 28

పాప స్నేహితురాలింటికి వెళ్ళింది. గోడ దగ్గర నేనే కూర్చుని, ఏడెనిమిదులు యాభై నాలుగు అన్నాను, గట్టిగా.

చాలాసేపు ఏమీ లేదు.

టక్.